కిరణములు సోకిన గాజు

కరీంనగరు నుండి సిరిసిల్ల పోవు బాటలో, మానేరు ఒడ్డున ఎలగందుల కోట గుట్ట కనబడును. ఆ గుట్టయు, ఆ ప్రాంతమున అడుగడుగునకు నిలిచియున్న బోడగుట్టలును గ్రానైటు రాతివి. ఈ రాయి పుట్టి సుమారు 250 కోట్ల సంవత్సరములైనదని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. కరీంనగరు పరిసరముల గుట్టలను క్వారీలుగా త్రవ్వి, గోధుమ వన్నె రాతిని 'టాన్ బ్రౌన్' అను పేరుతో విదేశములకు ఎగుమతి చేయుచున్నారు. నునుపు చేసిన పలకను దగ్గరగా చూచినచో, మూడు నాలుగు విధముల గింజలు ఒకదానికొకటి అతుకుకొని కనబడును. ఎరుపు, గోధుమ వన్నెల పెద్ద గింజలు ఫెల్‌స్పారు. నల్లగా మెరయునవి అభ్రకము మొదలైనవి. వీని నడుమ ఇరుకు సందులలో, తనకంటూ ఒక రూపము లేక, పగిలిన గాజు పెంకు వలె నిగనిగలాడునది పలుగు, అనగా క్వార్ట్‌జు.

పలుగురాయి తెలియని వారుండరు. పిల్లలు చీకటిలో రెండు ముక్కలు రాచి మెరుపు చూచి ఆనందించు తెల్లరాయి అదే. కాని గ్రానైటులో చిక్కుకొన్న పలుగు అనేక చోట్ల తెల్లగా ఉండదు. పొగచూరిన లాంతరు చిమ్నీ వలె మసకబారి యుండును. కొన్ని శిలలలో అది కాఫీ కషాయము వలె చిక్కని రంగున కూడ లభించును. దీనికి ధూమ స్ఫటికమని పేరు. ఈ పొగ ఎక్కడిది? కడిగినచో పోదు. పొడి చేసి రసాయన పరీక్షకు పెట్టినచో, తెల్ల పలుగునకును దీనికిని చెప్పుకొనదగిన భేదమేదియు కానరాదు. కాని ప్రయోగశాలలోని కొలిమిలో 300, 400 డిగ్రీల వరకు మెల్లగా వేడి చేసినచో రంగు పూర్తిగా పోయి, ముక్క నీటిబొట్టు వలె తేట పడును. ఆ తేటపడిన ముక్కనే కోబాల్టు-60 నుండి వచ్చు గామా కిరణముల ఎదుట కొన్ని గంటలు ఉంచినచో, పోయిన పొగ మరల వచ్చి చేరును. దాని ప్రక్కన మనము నీరు త్రాగు మామూలు గాజు గ్లాసును ఉంచినచో అదియు గోధుమ రంగునకు తిరుగును.

(పలుగు వేడికి చిటిలి ముక్కలు ఎగురును. కావున ఈ పరీక్షను ఇంటి పొయ్యి మీద చేయరాదు.)

రాతిలోని పొగకును, గ్లాసులోని గోధుమ వన్నెకును మూలకారణము ఒక్కటే. అయితే గుట్టలలోని ప్రతి రంగునకు ఇదే కారణమని భావింపరాదు. టాన్ బ్రౌన్ రాతికి పేరు తెచ్చిన ఫెల్‌స్పారు ఎరుపు సాధారణముగా దానిలో ఇమిడిన అతి సన్నని ఇనుప భస్మపు రేణువుల వలన కలిగినది. దానిని కొలిమిలో పెట్టినను తెల్లబడదు. అట్లే నీలిచాయ గల పలుగులో సాధారణముగా కంటికి కనబడని ఇతర ఖనిజపు నలుసులు చెదరగొట్టు కాంతియే ఆ నీలమునకు కారణము.

గాజు, పలుగు రెండును ఒకే ఇంటి బిడ్డలు. రెండింటికిని ఆధారము సిలికాను, ఆక్సిజను. ఒక్కొక్క సిలికాను పరమాణువు చుట్టును నాలుగు ఆక్సిజను పరమాణువులు చేరి నాలుగు మూలల బొంగరము వంటి ఆకృతి ఏర్పడును. ప్రతి ఆక్సిజనును రెండు సిలికానుల మధ్య వంతెనయై నిలుచును. పలుగులో ఈ ఆకృతులు నేతగాని మగ్గము మీది పోగుల వలె లెక్క తప్పక పేర్చబడి యుండును. గాజులో అట్లు కాదు. కరిగిన ద్రవము గడ్డకట్టు తొందరలో అవి ఎట్లు పడినవి అట్లే బిగుసుకొనిపోవును. దానికి తోడు, ఇసుక తక్కువ వేడికే కరుగుటకై గాజు చేయువారు సోడా, సున్నము కలుపుదురు. సోడియము చొచ్చిన చోట వంతెన తెగి, ఆక్సిజను ఒక ప్రక్క మాత్రమే అంటుకొని వ్రేలాడుచుండును. గాజు రంగు మారుటలో ఈ తెగిన వంతెనలదే ముఖ్యపాత్ర.

అసలు గాజు గుండ చూపు ఏల దూసికొనిపోవును? దానిలోని ఎలక్ట్రాన్లు తమ తమ స్థానములలో గట్టిగా కట్టుబడి యున్నవి. వానిని కదల్చుటకు ఒక కనీస శక్తి కావలెను. కంటికి కనబడు కాంతిలోని ఏ రంగునకును అంత శక్తి లేదు. కావున కాంతి గాజులో ఎవరిని పలుకరింపక దాటిపోవును. గామా కిరణము సంగతి వేరు. కోబాల్టు-60 నుండి వచ్చు కిరణమునకు కనబడు కాంతికంటె సుమారు 5 లక్షల రెట్లు శక్తి గలదు. అది గాజులో ఒక ఎలక్ట్రానును బలముగా తన్నును. ఆ ఎలక్ట్రాను దారిపొడవునను వేలకొలది ఇతర ఎలక్ట్రాన్లను స్థానభ్రంశము చేయును.

ఇట్లు లేచిపోయిన ఎలక్ట్రాన్లలో అత్యధిక భాగము క్షణములోపుననే తిరిగి తమ ఖాళీలను చేరుకొనును. కొన్ని మాత్రము తిరిగి రాలేవు. గాజులో ఒక పరమాణువు లోపించిన చోటు గాని, పరాయి పరమాణువు దూరిన చోటు గాని బాటలో గుంట వలె ఉండును. దారి తప్పిన ఎలక్ట్రాను ఆ గుంటలో పడి చిక్కుకొనును. అది విడిచి వచ్చిన ఖాళీయు వేరొక చోట, తెగిన వంతెన మీది ఆక్సిజను వద్ద, స్థిరపడును. ఇట్టి చిక్కులను వర్ణ కేంద్రములందురు. వీనిని కదల్చుటకు గామా కిరణములు అక్కరలేదు, మామూలు కాంతి చాలును. అంతవరకు అడ్డులేక దాటిపోయిన కాంతిలో కొంత ఇప్పుడు శోషణము చెందును. సోడా-సున్నపు గాజులో ఆక్సిజను వద్ద నిలిచిన ఖాళీలు సుమారు 440 నానోమీటర్ల వద్ద నీలి కాంతిని, సుమారు 620 నానోమీటర్ల వద్ద నారింజ కాంతిని మ్రింగును. నీలము ఎక్కువగా పోవుటచే మిగిలిన వెలుగు గోధుమ వన్నెగా కనబడును. పలుగులో తెగిన వంతెనలు లేవు. అక్కడ సిలికాను స్థానమున అక్కడక్కడ దూరిన అల్యూమినియము ఆ పని చేయును. దాని ప్రక్క ఆక్సిజను ఒక ఎలక్ట్రానును పోగొట్టుకొని పొగ రంగును కలిగించును.

వేడి చేసినపుడు రంగు ఏల పోవునో ఇప్పుడు తెలియుచున్నది. వేడికి పరమాణువులు కంపించి గుంటలోని ఎలక్ట్రాను పైకెగురును. అది తన ఖాళీని చేరుకొనును. లెక్క చెల్లిపోవును.

ఇచట మోతాదు అను మాటను కొంచెము వివరింపవలెను. కిలోగ్రాము పదార్థము కిరణముల నుండి ఒక జౌలు శక్తిని గ్రహించినచో దానిని ఒక గ్రే అందురు. మామూలు గాజునకు రంగు పట్టినదని కంటికి తెలియుటకు కొన్ని వందల గ్రేలు మొదలు వేయి గ్రేల వరకు కావలెను. సిరంజులు, దూది, కట్టుగుడ్డలు మొదలైన వైద్య సామగ్రిని గామా కిరణములతో క్రిమిరహితము చేయుటకు 25,000 గ్రేలు ఇచ్చుట పరిపాటి. మన దేశమున ఇట్టి మొదటి కేంద్రము 1974లో ట్రాంబేలో వెలసినది. ఆ మోతాదులో మామూలు మందు సీసా నిస్సంశయముగా గోధుమ రంగునకు తిరుగును. కాని 25,000 గ్రేల శక్తి అంతయు వేడిగా మారినను గాజు సుమారు 30 డిగ్రీలు మాత్రమే వెచ్చబడును. మధ్యాహ్నపు టెండలో పెట్టిన సీసాయు దాదాపు అంత వెచ్చబడగలదు. అయినను ఎండలోని సీసా రంగు మారదు. ముఖ్యమైనది శక్తి ఎంత అన్నది కాదు, అది ఎలక్ట్రాన్లను ఎక్కడ నిలిపినది అన్నది.

ఇక ఎలగందుల గుట్టకు ఎవరు కోబాల్టు తెచ్చి చూపిరి? ఎవరును తేలేదు. రాయి తనకు తానే కిరణములు తగిలించుకొన్నది. ఫెల్‌స్పారులో పొటాషియము సమృద్ధిగా ఉన్నది. ప్రతి పదివేల పొటాషియము పరమాణువులలో సుమారు ఒకటి రేడియో ధార్మికమైనది, దాని అర్ధ జీవితము 125 కోట్ల సంవత్సరములు. దానికి తోడు సామాన్యమైన గ్రానైటులో టన్నుకు 4, 5 గ్రాముల యురేనియము, 15 నుండి 20 గ్రాముల థోరియము ఉండును. ఈ మూడింటి కిరణములన్నియు కలిసి రాతి లోపలి పలుగు గింజకు ఏడాదికి 5 మిల్లీగ్రేల దరిదాపున మోతాదు నిచ్చును. మిల్లీగ్రే అనగా గ్రేలో వెయ్యవ వంతు. ఇది అత్యల్పము. కాని ఏడాదికి 5 మిల్లీగ్రేల వంతున 50 లక్షల సంవత్సరములలో 25,000 గ్రేలు కూడును. కోబాల్టు గదిలో మందు సీసాకు కొన్ని గంటలలో తగిలినది గుట్టలోని పలుగునకు 50 లక్షల ఏండ్లలో తగిలినది. గుట్ట వయస్సుతో పోల్చినచో ఆ 50 లక్షలు అయిదువందలవ వంతు మాత్రమే.

అట్లయిన 250 కోట్ల ఏండ్లలో పలుగు కారునలుపు కావలదా? కానేరదు. ఆ రాయి చిరకాలము భూమి లోతున, మిక్కిలి వేడిలో ఉండెను. ఆ కాలమున చిక్కిన ఎలక్ట్రాను చిక్కినట్లే విడుదలగుచుండును. పైనున్న పొరలు అరిగిపోయి, రాయి ఉపరితలమునకు చేరి చల్లబడిన తరువాతనే రంగు లెక్క మొదలగును. పైగా గుంటలును పరిమితమే. అల్యూమినియము దూరిన చోట్లన్నియు నిండిన పిమ్మట ఎన్ని కిరణములు వచ్చినను రంగు హెచ్చదు. బండ మీద కూర్చున్నవానికి ఈ 5 మిల్లీగ్రేలు తగులునేమో యను భయము కూడ అక్కరలేదు. అందులో పెద్ద భాగము బీటా కిరణములది. అవి రాతిలో కొన్ని మిల్లీమీటర్లు దాటకయే ఆగిపోవును.

గోదావరి దాటి ఆదిలాబాదు ప్రాంతమునకు పోయినచో ఈ కథకే మరియొక రంగు తోడగును. అది ఊదారంగు. ఆదిలాబాదు పరిసరములలో, పెన్‌గంగ శిలలయందు మాంగనీసు ఖనిజమున్నది. మాంగనీసునకును గాజునకును పాత స్నేహము. ఇసుకలో ఎంత శుభ్రపరచినను కొంత ఇనుము మిగిలి గాజునకు పచ్చని ఛాయ నిచ్చును. గాజు చేయువారు పూర్వము చిటికెడు మాంగనీసు భస్మము కలిపి ఆ పచ్చదనమును విరిచెడివారు. దుస్తులకు సబ్బు ఎట్లో, గాజునకు మాంగనీసు అట్లు. అయితే ఇట్లు తెల్లబరచిన కిటికీ అద్దములు ఏండ్ల తరబడి ఎండలో ఉన్నచో మెల్లమెల్లగా ఊదారంగునకు తిరుగుచుండుట ఐరోపాలో అనేకులు గమనించిరి. మైకేల్ ఫారడే ఈ విషయమును పరిశీలించి 1825లో ప్రకటించెను. సూర్యకాంతిలోని అతినీల కిరణములు మాంగనీసు నుండి ఒక ఎలక్ట్రానును తొలగించును. రెండెలక్ట్రాన్లు పోగొట్టుకొన్న మాంగనీసునకు రంగు దాదాపు లేదు. మూడు పోగొట్టుకొన్నది ఊదారంగు. ఫారడే కాలమునకు ఎలక్ట్రాను అను మాటయే పుట్టలేదు. 1899లో క్యూరీ దంపతులు తమ రేడియము ఉంచిన గాజుపాత్ర కూడ ఊదారంగునకు మారుట చూచిరి. ఎండ ఏండ్ల తరబడి చేసిన పనిని రేడియము కొలది దినములలో చేసినది.

ఇంతవరకు చెప్పినది వింతగా మాత్రమే తోచవచ్చును. కాని అణుశక్తి పరిశ్రమలో ఈ రంగు ఒక గడ్డు సమస్య. ట్రాంబేలోను, కల్పాక్కములోను రియాక్టరులో మండిన ఇంధన కడ్డీలను పరిశీలించు గదులున్నవి. ఆ కడ్డీల చెంత మనుష్యుడు కొన్ని నిమిషములైనను నిలువజాలడు. కావున దళసరి కాంక్రీటు గోడల వెనుక నిలిచి, ఇనుప చేతులతో పని చేయుదురు. ఆ చేతులు ఏమి పట్టుచున్నవో చూచుటకు గోడలో కిటికీ కావలెను. ఆ కిటికీ గోడవలెనే కిరణముల నాపవలెను, గాజువలె చూపు నీయవలెను. సీసము హెచ్చుగా కలిపిన గాజు ఇందుకు తగినది. మామూలు గాజు సాంద్రత 2.5 కాగా, ఇట్టి గాజు సాంద్రత 5 దాటును. కొన్ని పలకలు ఒకదాని వెనుక ఒకటి పేర్చగా కిటికీ మందము దాదాపు ఒక మీటరు వరకు రావచ్చును.

మందము ఎంత చేటు చేయునో ఒక చిన్న లెక్క చూపగలదు. కిరణములు సోకి గాజు ఒక్కొక్క సెంటీమీటరునకు నూటికి ఒక పాలు కాంతిని మాత్రమే మ్రింగుచున్నదనుకొందము. గ్లాసులో ఆ మార్పును ఎవరును పసిగట్టలేరు. కాని నూరు సెంటీమీటర్ల కిటికీలో అవతలికి చేరు వెలుగు నూటికి 37 పాళ్లు మాత్రమే. సెంటీమీటరునకు అయిదు పాళ్లు మ్రింగినచో, మీటరు దాటి వచ్చునది నూటికి ఒక పాలైనను కాదు. అప్పుడు కిటికీ ఉన్నను లేకున్నను ఒక్కటే. లోపల అత్యంత ప్రమాదకరమైన సామగ్రి, వెలుపల చూపానని మనిషి. పలకలను ఊడదీసి కొత్తవి అమర్చుట సులభమైన పని కాదు.

దీనికి విరుగుడు సీరియము. గాజులో సీరియము మూడెలక్ట్రాన్లను పోగొట్టుకొని గాని, నాలుగింటిని పోగొట్టుకొని గాని ఉండగలదు. రెండు స్థితులును దానికి సమ్మతమే. కిరణములు ఎలక్ట్రానును లేపి పంపినపుడు, నాలుగు పోగొట్టుకొన్న సీరియము దానిని అందుకొనును. ఖాళీ ఏర్పడినపుడు, మూడు పోగొట్టుకొన్న సీరియము తన ఎలక్ట్రానునిచ్చి దానిని పూడ్చును. ఇట్లు రెండు వైపులను సర్దుబాటు జరుగుటచే రంగు కలిగించు చిక్కులు నిలువవు. సీరియము తాను మ్రింగు కాంతి ముఖ్యముగా అతినీల భాగములోనిది, మన కంటికి పనికిరానిది. కాని ఉచితముగా ఏదియు లభింపదు. సీరియము గాజునకు మొదటి నుండియు లేత పసుపు ఛాయ ఉండును, మందము హెచ్చిన కొలది ఆ పసుపు చిక్కబడును. కావున కిటికీ లోపలి వైపు, కిరణములు తీవ్రముగా తగులు చోట మాత్రమే సీరియము గాజును పెట్టి, వెనుక వైపున తేటయైన సీసపు గాజును పెట్టుదురు. అప్పటికి కిరణములు చాలవరకు చల్లారియుండును. కలకత్తాలోని కేంద్ర గాజు, పింగాణి పరిశోధనాలయము అణుశక్తి శాఖ కొరకు ఇట్టి గాజును తయారు చేయుటలో కృషి చేసినది.

ఈ కిటికీలకు ఇంకొక విచిత్రమైన గండమున్నది. గాజు విద్యుత్తును ప్రవహింపనీయదు. లోపల చిక్కిన ఎలక్ట్రాన్లు పేరుకొని పేరుకొని, ఎప్పుడో ఒక చిన్న దెబ్బ తగిలినపుడు ఒక్కసారిగా బయటపడును. పలక నడుమ ఆకులు రాలిన చెట్టు కొమ్మల వంటి పగులు మెరుపు వలె పాకును. చూచుటకు అందముగానే ఉండును గాని, ఆ పలక ఇక పనికిరాదు.

గామా కిరణములు ఎలక్ట్రాన్లను కదల్చును గాని పరమాణువులను అంతగా కదల్చవు. న్యూట్రాన్లు పరమాణువునే గెంటివేయును. రియాక్టరులో న్యూట్రాన్ల దెబ్బ మిక్కిలిగా తిన్నచో శుద్ధ సిలికా గాజు సంకోచించి, దాని సాంద్రత 2.20 నుండి 2.26 వరకు పెరుగును. వక్రీభవన గుణకమును దానితో పెరుగును. పలుగు మాత్రము ఉబ్బి, 2.65 నుండి అదే 2.26 వరకు దిగును. క్రమము గల స్ఫటికము, క్రమము లేని గాజు చివరకు ఒకే చిందరవందర స్థితిని చేరుకొనును. ఈ మార్పు కొలిమి వేడికి రంగు పోయినంత తేలికగా పోదు.

టెలిఫోను మాటలు, అంతర్జాల సమాచారము మోయు గాజు తంతువులకు కూడ ఇదే చిక్కు. తంతువు పొడవు కిలోమీటర్లలో ఉండుటచే అణుమాత్రపు శోషణము సైతము సంకేతమును ఆర్పివేయగలదు. భాస్వరము కలిపిన తంతువు త్వరగా మసకబారును. అందుచేతనే దానిని మోతాదు కొలుచు సాధనముగా వాడుటయు కలదు. రియాక్టరు భవనములలో సంకేతములకు శుద్ధ సిలికా తంతువు మేలు.

ఈ సందర్భమున ఒక అపోహను తొలగింపవలసియున్నది. గాజు కిరణములకు రంగు మారునని తెలిసినవాడు, రంగు మారకున్నచో కిరణములు లేవని తలపోయు ప్రమాదమున్నది. మనుష్యుని శరీరమంతటికి ఒక్కసారిగా 4, 5 గ్రేలు తగిలినచో, చికిత్స లేనిదే సగము మంది బ్రతుకరు. గాజునకు రంగు కనబడవలెనన్నచో దానికి నూరు రెట్లైనను కావలెను. ప్రాణము తీయు మోతాదులో కళ్ళద్దము తేటగానే ఉండును. ఆ 5 గ్రేలు శరీరమును డిగ్రీలో వెయ్యవ వంతు మాత్రమే వెచ్చచేయును గనుక చర్మమునకును వెంటనే తెలియదు. 2010 ఏప్రిలులో ఢిల్లీలోని మాయాపురిలో, పాత ఇనుప సామానుగా అమ్ముడుపోయిన ఒక పరిశోధన యంత్రమును విప్పగా అందులోని కోబాల్టు-60 బయటపడినది. అది ఏమిటో విప్పినవారికి తెలియదు. వెలుగు లేదు, వాసన లేదు, వేడి లేదు. ఒకరు మరణించిరి, మరి కొందరు తీవ్రమైన బాధలు పడిరి. లోపల సీసము పోసిన బరువైన పెట్టె, దానిపై మూడు రేకుల గుర్తు పాత సామాను నడుమ కనబడినచో దానిని విప్పకుండుటయే కర్తవ్యము. గాజు రంగును చూచి ధైర్యము తెచ్చుకొనరాదు.

దీనికి ఎదురు సందేహము కూడ కొందరికి కలుగును. ఆసుపత్రులలో ఎక్స్-రే గది అద్దము కొన్నాళ్లకు నల్లబడునా? ఛాతీ ఫోటో ఒకదానికి రోగికి తగులునది సుమారు మిల్లీగ్రేలో పదవ వంతు. అంత మోతాదును ప్రతిసారి నేరుగా అద్దమునకే ఇచ్చినను, 1,000 గ్రేలు కూడుటకు కోటి ఫోటోలు తీయవలెను. దినమునకు నూరు తీసినను 270 ఏండ్లు దాటును. ఆ అద్దము మసకబారినచో అందుకు దుమ్మే కారణము.

కంటికి రంగు కనబడనంత తక్కువ మోతాదులోను గుంటలలో ఎలక్ట్రాన్లు చిక్కుచునే యుండును. వాని లెక్క తీయుటకు వేరొక ఉపాయమున్నది. వేడి చేసినపుడు ఎలక్ట్రాను గుంట విడిచి ఖాళీని చేరునని చెప్పితిమి గదా. ఆ సమయమున అది కొంత శక్తిని కాంతిగా విడుచును. దీనిని ఉష్ణదీప్తి యందురు. ఎంత కాంతి వచ్చిన అంత మోతాదు తగిలినదని అర్థము. ఈ ఉష్ణదీప్తితో పాత వస్తువుల వయస్సు కనుగొనవచ్చునని 1953లో ఫారింగ్టన్ డేనియల్స్ మొదలైన వారు సూచించిరి.

గోదావరి ఒడ్డున, నేటి జగిత్యాల జిల్లాలో, పెద్దవాగు సంగమమువద్ద కోటిలింగాల ఉన్నది. 1979 తరువాత పురావస్తు శాఖవారు జరిపిన త్రవ్వకములలో అచట శాతవాహనుల కాలపు ఇటుక కట్టడములు బయటపడినవి. సిముకుని నాణెములు కూడ అచట దొరికినవి. పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట, పెద్దబంకూరులును ఆ కాలపు స్థలములే. ఇట్టి చోట్ల నాణెముల కంటె లెక్కలేనన్ని రెట్లు హెచ్చుగా దొరకునది కుండపెంకు. నాణెము మీద రాజు పేరుండును. పెంకు మీద ఏమియు లేదు. కాని కుమ్మరి మట్టిలో ఇసుక ఉన్నది, ఇసుకలో పలుగు ఉన్నది.

కుమ్మరి ఆవములో కుండ కాలునపుడు, పలుగులో అంతవరకు చిక్కిన ఎలక్ట్రాన్లన్నియు విడుదలగును. లెక్క సున్నకు వచ్చును. కుండ పగిలి మట్టిలో కలిసిన నాటినుండి, పెంకులోని పొటాషియమును చుట్టునున్న నేలయు దానికి ఏడాదికి ఇంత యని మోతాదు నిచ్చుచుండును. ఏడాదికి 4 మిల్లీగ్రేలనుకొన్నచో 2,000 ఏండ్లకు 8 గ్రేలు. మనుష్యునికి ఒక్కసారిగా తగిలినచో ప్రాణాంతకమైన మోతాదు! పెంకులోని పలుగుగింజ మాత్రము రంగు మారక తెల్లగానే ఉండును. ప్రయోగశాలలో వేడిచేసి ఆ 8 గ్రేలను కొలిచి, ఏటి మోతాదుతో భాగించినచో కుండ కాలిన నాటి వయస్సు తేలును.

భాగహారము సులువే గాని, ఆ ఏటి మోతాదును పట్టుకొనుటలోనే శ్రమ యంతయు ఉన్నది. పెంకునకు చేరు గామా కిరణములు చుట్టును సుమారు 30 సెంటీమీటర్ల మేర నేలనుండి వచ్చును. కరీంనగరు గ్రానైటు అరిగి ఏర్పడిన ఎర్ర చెలక నేలలో పొటాషియము, థోరియము హెచ్చు. ఆదిలాబాదు పడమటి భాగమున దక్కను నల్లరాయి అరిగి ఏర్పడిన రేగడిలో అవి కొన్ని రెట్లు తక్కువ. ఒకే కుమ్మరి ఒకే దినమున కాల్చిన రెండు కుండలలో ఒకటి చెలకలోను, ఒకటి రేగడిలోను పూడినచో, రెండింటి ఉష్ణదీప్తి సమానముగా ఉండదు. నేలను కొలువక పెంకును మాత్రమే కొలిచినవాడు ఒక కుండను మరియొకదానికంటె ముసలిదని తప్పు చెప్పును. నేలలోని తేమ కూడ కిరణములను కొంత ఆపును గనుక, వానకాలపు తడిని సైతము లెక్కలోనికి తీసికొనవలెను.

కాలని వస్తువునకు కూడ లెక్క సున్న అగు దారి ఒకటి కలదు. అది ఎండ. వరదలో కొట్టుకొని వచ్చి ఒడ్డున పరచుకొన్న ఇసుకలో, కొన్ని గుంటలలోని ఎలక్ట్రాన్లను ఎండయే కొలది సేపటిలో ఖాళీ చేయును. తరువాతి వరద దాని మీద మరియొక పొర వేసి కప్పిన క్షణమునుండి చీకటిలో మరల లెక్క ప్రారంభమగును. మంచిర్యాల, ధర్మపురి ఇసుక మేటలలోని ప్రతి పొరయు ఇట్లు తాను ఎండను చివరిసారి చూచిన తేదీని దాచుకొనియే యున్నది. దానిని చదువుటకు వేడికి బదులు నీలి లేక పచ్చని కాంతిని ప్రయోగింతురు. ఈ పద్ధతి 1985లో వెలువడినది. పలుగులోని గుంటలు నిండిపోవును గనుక సాధారణముగా లక్ష, లక్షన్నర ఏండ్లకు మించి ఈ గడియారము నడువదు. నేటి నంద్యాల జిల్లాలోని జ్వాలాపురములో, సుమత్రా దీవి తోబా అగ్నిపర్వతపు బూడిద పొరకు పైనను క్రిందను గల మట్టిని ఈ పద్ధతితోనే పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. ఆ బూడిద ఎగిరిపడినది దాదాపు 74,000 ఏండ్ల క్రిందట. సూక్ష్మదర్శినిలో చూచినచో ఆ బూడిదలోని రేణువులు చాలభాగము గాజు పెంకులే.

ఇట్టి మట్టిని సేకరించు విధానము చూడ ముచ్చటగా ఉండును. త్రవ్విన గోడలోనికి ఇనుప గొట్టమును సుత్తెతో దిగగొట్టి, రెండు కొనలును మూసి, నల్లగుడ్డలో చుట్టి తీసికొనిపోదురు. అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధనాలయము వంటి చోట్ల దానిని మసక ఎర్ర దీపపు గదిలో మాత్రమే తెరచెదరు. వెలుగు తగిలిన కొనల మట్టిని పారవేసి, నడిమి మట్టిలోని పలుగు గింజలను ఆమ్లములతో కడిగి వేరుచేయుదురు. కుండపెంకైనచో పై పొరను రెండు మిల్లీమీటర్లు గీకివేయుదురు. గింజలనుండి వెలువడు వెలుగు కంటికి ఆనదు, సున్నితమైన కాంతి మాపకము మాత్రమే దానిని లెక్కింపగలదు. కొన్ని క్షణములలో అది తగ్గి ఆరిపోవును. అదే గింజలను రెండవ మారు వేడిచేసినచో ఆ వెలుగు రాదు.